బాపు బండికి దండం ఎందుకు పెట్టేది? 6 వోల్టుల యెజ్డీ కథ

ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, మా ఇంటి రేకుల షెడ్డులో కూర్చుని రికార్డ్ చేసింది. ఊరు ఎనుమాముల, వరంగల్. వెనకాల వినబడే చప్పుడు మార్కెట్‌కు పోయే మిర్చి లారీలది. ఎంత ఎడిట్ చేసినా పోలేదు, కొంచెం సర్దుకోండి.

నా పక్కన ఉన్న బండి యెజ్డీ 250. 1979ది. మా బాపు 1988లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నడు. బాపు ఎనుమాముల యార్డులో దడవాయి. తెలియని వాళ్లకు చెప్తా: రైతు బస్తాలు తెస్తాడు, అడ్తిదారు దగ్గర పాట అవుతుంది, ఆ తర్వాత కాంటా పెట్టి తూకం వేసి చిట్టీ రాసేది దడవాయి. సీజన్‌లో అయితే చీకటి ఉండగానే ఇంట్లోంచి వెళ్లాలి. జెండా పాట పొద్దున్నే, రైతులు మాత్రం రాత్రికే వచ్చి బస్తాల మీద పడుకుని ఉంటరు. ఆ చీకట్లో బాపును మార్కెట్‌కు తీసుకుపోయింది ఈ బండే.

చిన్నప్పుడు నేను రోజూ చూసిన ఒక సీన్ ఉంది. బాపు కిక్ కొడతాడు. బండి స్టార్ట్ అవుతుంది. వెంటనే ఎక్కడు. కొంచెం రేస్ ఇచ్చి, హెడ్‌లైట్ వైపు ఒకసారి చూసి, కిందికి వంగి సైడ్ డబ్బాలో చెయ్యి పెట్టి ఏదో చేస్తాడు. అప్పుడు ఎక్కి కూర్చుంటాడు. దిగేటప్పుడు కూడా అంతే, ముందు వంగుతాడు, తర్వాతే బండి బంద్ చేస్తాడు. యార్డులో హమాలీలు నవ్వేవాళ్లు, "మీ బాపు బండికి దండం పెట్టనిదే ఎక్కడు" అని. నేనేమో దొంగల భయం అనుకున్నా. ఎందుకంటే జావా, యెజ్డీ బండ్ల తాళం చెవి మేకులాగా ఉంటుంది, ఒకరి బండి చెవి ఇంకొకరి బండికి పడుతుంది. కాబట్టి ఎవరూ ఎత్తుకుపోకుండా లోపల ఏదో తీగ పీకి పెడుతున్నాడేమో అని లెక్క వేసుకున్నా.

అది తప్పు లెక్క అని తెలియడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది, అరచెయ్యి కాలాల్సి వచ్చింది.

2013లో బండి షెడ్డులోకి పోయింది. మొన్న చలికాలంలో నేను బయటికి తీసిన. కొత్త 6 వోల్టుల బ్యాటరీ తెచ్చి, ప్లస్ ఇక్కడ, మైనస్ ఇక్కడ అని బిగించిన. తాళం కూడా వేయలేదు. రెండు సెకన్లలో సైడ్ డబ్బాలోంచి పొగ. ఒక తీగ మీద ప్లాస్టిక్ మైనంలాగా కరిగి కారుతోంది. దాన్ని చేత్తో పీకేసిన, అదే నా అరచేతి మీద ఈ మచ్చ. పైన ట్యాంకులో మూడు లీటర్ల పెట్రోల్ ఉంది ఫ్రెండ్స్. ఆ రోజు ఏమైనా కావచ్చు.

ఫ్యూజ్ ఎందుకు పోలేదు అని చూస్తే, ఫ్యూజ్ ఉండాల్సిన చోట సిగరెట్ పెట్టెలోని జరీ కాగితం చుట్టి ఉంది. మీ ఇంట్లో కూడా పాత బండి ఉంటే ముందు ఆ ఒక్కటి చూడండి, మిగతా కథ తర్వాత వినొచ్చు.

ఆ కాలిన తీగ ఎటు నుంచి ఎటు పోయిందో చూస్తే ఒక చివర డైనమో దగ్గర, ఇంకో చివర బ్యాటరీ వైపు. మధ్యలో చేత్తో పీకి పెట్టే గొట్టం లాంటి కనెక్టర్. ఇది కంపెనీ పెట్టింది కాదు. అసలు ఇది ఇక్కడ ఎందుకుంది? దానికి జవాబు కావాలంటే బండికి కరెంటు ఎట్లా వచ్చిందో మొదటి నుంచి చూడాలి. కొంచెం వెనక్కి పోదాం.

1831లో లండన్‌లో మైకేల్ ఫారడే కనిపెట్టింది ఇంతే: తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే ఆ తీగలో కరెంటు పుడుతుంది. మీ ఇంట్లో ఫ్యాన్‌కు వచ్చే కరెంటు అయినా, ఈ బండి కరెంటు అయినా దాని మీదే నడుస్తుంది. మొదట్లో మామూలు ఉక్కు అయస్కాంతాలు పెట్టి తిప్పేవారు. అవి బలహీనం. 1866, 67 ప్రాంతంలో జర్మనీలో వెర్నర్ సీమెన్స్, ఇంగ్లండ్‌లో వీట్‌స్టన్, వార్లీ, ఇట్లా కొందరు దాదాపు ఒకే టైంలో ఒక చమత్కారం పట్టుకున్నారు. వేరే అయస్కాంతం ఎందుకు, ఇనుప ముక్కకు తీగ చుట్టి, పుట్టిన కరెంటులో కొంచెం దానికే ఇస్తే అదే పెద్ద అయస్కాంతం అయిపోతుంది కదా అని. మరి మొట్టమొదటి చుక్క కరెంటు ఎక్కడిది? ఇనుముకు ఒకసారి అయస్కాంతం ఎక్కిందంటే పూర్తిగా దిగదు, పిసరంత మిగులుతుంది. ఆ మిగిలిన దాంతో కొంచెం కరెంటు, ఆ కరెంటుతో ఇంకొంచెం అయస్కాంతం, దాంతో ఇంకొంచెం కరెంటు. పెరుగు తోడు పెట్టినట్టే. డైనమో అంటే ఇదే. ఆ "మిగిలిన పిసరు" విషయం గుర్తు పెట్టుకోండి, మా షెడ్డులో మళ్లీ వస్తుంది.

మోటార్ సైకిల్‌కు మాత్రం డైనమో వెంటనే రాలేదు. తొలి బండ్లకు చార్జింగ్ లేదు. చాలావాటికి స్పార్క్ కోసం మాగ్నెటో ఉండేది, దీపానికి కార్బైడ్. అవును, మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడొద్దని అధికారులు చెప్తారే, ఆ కార్బైడే. దాని మీద నీళ్లు చుక్కలు చుక్కలుగా పడితే గ్యాస్ వస్తుంది, దాన్ని అంటిస్తే తెల్లటి వెలుగు. జాతరల్లో మిఠాయి దుకాణాల మీద మీ తాతలు చూసిన దీపం అదే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మెల్లగా బండ్ల మీదికి డైనమో, బ్యాటరీ, కరెంటు బల్బు వచ్చాయి.

వచ్చాక అసలు సమస్య మొదలైంది. డైనమో తిరిగే వేగాన్ని బట్టి కరెంటు ఇస్తుంది. బండి నిలబడితే ఇవ్వదు. ఇవ్వకపోవడం వరకైతే ఫరవాలేదు. డైనమోకు ఇంకో గుణం ఉంది: దానికి కరెంటు ఇస్తే మోటార్ అయిపోతుంది. అంటే ఇంజన్ ఆగగానే బ్యాటరీలోని కరెంటు వెనక్కి డైనమోలోకి పారుతుంది. డైనమో ఇంజన్‌నే తిప్పాలని చూస్తుంది, తిప్పలేదు, వేడెక్కుతుంది. తీగ కాలుతుంది, బ్యాటరీ ఖాళీ.

దీనికి పెట్టిన కాపలాదారు పేరు కటౌట్. చిన్న రిలే అనుకోండి. డైనమో వోల్టేజీ బ్యాటరీ కంటే ఎక్కువైనప్పుడు తలుపు తీస్తుంది, తగ్గగానే మూస్తుంది. దాని పక్కనే ఇంకో రిలే, రెగ్యులేటర్. వోల్టేజీ మరీ పెరిగితే డైనమో అయస్కాంతాన్ని తగ్గించి బ్యాటరీ ఉడికిపోకుండా చూస్తుంది. రెండూ ఒకే డబ్బాలో, స్ప్రింగులు, చిన్న చిన్న కాంటాక్టులతో. ఒక్క ట్రాన్సిస్టర్ లేదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మన రోడ్ల మీద తిరిగిన పాత బండ్లు ఈ సమస్యకు మూడు రకాల జవాబులు తెచ్చుకున్నాయి.

బుల్లెట్ ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండ్ రాయల్ ఎన్‌ఫీల్డ్ కలిసి కంపెనీ పెట్టాయి. ఆ కాలపు బ్రిటిష్ బండ్లలో డైనమో పోయి లూకాస్ ఆల్టర్నేటర్ వచ్చింది. మధ్యలో తిరిగేది శాశ్వత అయస్కాంతం, చుట్టూ ఆరు కాయిళ్లు. కార్బన్ బ్రష్షులు లేవు, కటౌట్ లేదు, ఎందుకంటే ఏసీని డీసీ చేసే రెక్టిఫయరే వెనక్కి పోనివ్వదు. బాగుంది కదా? కానీ శాశ్వత అయస్కాంతాన్ని తగ్గించలేం. మరి ఓవర్ చార్జ్ కాకుండా ఎట్లా? లూకాస్ వాళ్లు చేసింది వింటే నవ్వొస్తుంది. లైట్ స్విచ్‌లోనే ఆ పని పెట్టారు. పగలు లైట్ ఆఫ్ ఉంటే కొన్ని కాయిళ్లే పని చేస్తాయి, రాత్రి హెడ్‌లైట్ వేస్తే ఆరూ పని చేస్తాయి. అంటే రెగ్యులేటర్ ఎవరు? నడిపే మనిషే. బుల్లెట్ హెడ్‌లైట్ మీద ఆమ్మీటర్ ముల్లు చూశారా, ప్లస్‌కూ మైనస్‌కూ ఊగుతూ ఉంటుంది. ఇప్పుడు దాన్ని స్టైల్ కోసం చూస్తున్నాం. అప్పట్లో అది పని ముట్టు. ముల్లు చూసి చెయ్యి ఏం చేయాలో తెలుసుకోవాలి.

రాజ్‌దూత్ 175 పోలండ్ డిజైన్. ఎస్కార్ట్స్ వాళ్లు 1960లలో మొదలుపెట్టారు. దాంట్లో ఫ్లైవీల్ మాగ్నెటో. హెడ్‌లైట్ నేరుగా ఇంజన్ నుంచే, బ్యాటరీతో సంబంధం లేదు. బండి స్లో అయితే వెలుగు గుడ్డిదీపం, రేస్ ఇస్తే దేదీప్యమానం. రాత్రి ఎదురుగా ఎడ్లబండి వస్తే, గుంత కనబడాలంటే క్లచ్ పట్టి రేస్ ఇచ్చేవాళ్లు. అక్కడ కూడా చెయ్యే రెగ్యులేటర్.

ఇక మూడోది మాది. జావా అనేది చెకోస్లొవేకియా కంపెనీ. ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయన 1929లో జర్మన్ కంపెనీ వాండరర్ నుంచి మోటార్ సైకిల్ తయారీ కొనుక్కున్నాడు. యానెచెక్‌లో జా, వాండరర్‌లో వా, కలిపితే జావా. (వాళ్ల భాషలో ఆ 'జ'ను 'య' అంటారు, అదో సంగతి.) మన దగ్గర ఐడియల్ జావా వాళ్లు మైసూరులో 1961 నుంచి ఆ బండ్లు తయారు చేశారు. లైసెన్స్ గడువు అయిపోయాక 1970లలో యెజ్డీ అని పేరు మార్చారు. ఇరాన్‌లోని యజ్ద్ ఊరి పేరు మీదుగా ఆ పేరు వచ్చిందంటారు. దీంట్లో ఉన్నది పాతకాలపు అసలైన డైనమో. కుడివైపు క్రాంక్ చివరనే బిగించి ఉంటుంది. కార్బన్ బ్రష్షులు, కమ్యుటేటర్, కటౌట్, రెగ్యులేటర్ అన్నీ ఉంటాయి. ఆమ్మీటర్ బదులు హెడ్‌లైట్ డూమ్‌లో ఒక చిన్న ఎర్ర బల్బు. తాళం వేస్తే వెలుగుతుంది, ఇంజన్ స్టార్ట్ అయి డైనమో కరెంటు పుట్టగానే ఆరిపోతుంది.

ఇప్పుడొక చిన్న లెక్క. డైనమో మొత్తం బలం 45 వాట్లు. 6 వోల్టుల దగ్గర అది ఏడున్నర ఆంపియర్లు. మా బండి హెడ్‌లైట్ బల్బు 25 వాట్లు, అంటే నాలుగు ఆంపియర్ల పైన. వెనక లైటుకు దాదాపు ఒకటి. ఇగ్నిషన్ కాయిల్‌కు రెండు దాకా. అంతా కలిపితే ఏడు. మిగిలింది అర ఆంపియర్. అదీ బండి మంచి స్పీడులో పోతేనే. యార్డు లోపల బస్తాల మధ్య నత్తనడక నడిస్తే బ్యాటరీ నుంచే ఖర్చు. మీ ఫోన్ చార్జర్ తెలుసు కదా, ఇప్పటి ఫాస్ట్ చార్జర్లు కొన్ని ఈ డైనమో కంటే ఎక్కువ వాట్లు ఇస్తాయి. ఒక మనిషి కుటుంబాన్ని పోషించడానికి రోజూ చీకట్లో పోయిన బండి మొత్తం కరెంటు అంతే.

6 వోల్టులు ఎందుకు ఇబ్బందో కూడా ఇక్కడే చెప్తా. ఒక జాయింటు తుప్పు పట్టి ఓమ్‌లో పదో వంతు అడ్డం పడిందనుకోండి. ఏడు ఆంపియర్లు పోతుంటే అక్కడ 0.7 వోల్టు మాయం. 6లో 0.7 అంటే పదింట ఒక వంతు పైనే. అదే పని 12 వోల్టుల బండి చేస్తే కరెంటు సగం చాలు, పోయేది 0.35, 12లో అది మూడు శాతం. అదే తుప్పు, అదే జాయింటు, ఒక బండికి జ్వరం, ఇంకో బండికి తుమ్ము. కాబట్టి పాత బండి లైటు గుడ్డిగా ఉందంటే బల్బును తిట్టకండి, ఎర్త్ చూడండి.

ప్రపంచం 12 వోల్టులకు మారిపోతున్నా మన దగ్గర ఈ బండ్లు ఎందుకు అంత కాలం అట్లాగే ఉన్నాయి? లైసెన్స్ రాజ్. ఏ కంపెనీ ఎన్ని బండ్లు చేయాలో ప్రభుత్వం చెప్పేది. కొనేవాళ్లు క్యూలో ఉన్నప్పుడు డిజైన్ ఎవరు మారుస్తారు? 1980ల మధ్యలో జపాన్ కంపెనీలు వచ్చాయి. సుజుకి, హీరో హోండా, యమహా ఆర్‌ఎక్స్ 100. తేలిక బండ్లు, శాశ్వత అయస్కాంతం, రైడర్ పట్టించుకోవాల్సిన పని లేని చార్జింగ్. పదేళ్లలో పాతవాటి కథ అయిపోయింది. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు షోరూముల్లో ఉన్న కొత్త జావా 2018లో, కొత్త యెజ్డీ 2022లో వచ్చాయి. పేరు అదే, లోపల మొత్తం వేరు.

ఫ్యాక్టరీ మూత అంటే పేపర్‌లో ఒక వార్త. బాపుకు అది ఒక కటౌట్.

కాలిన తీగ చేత్తో పట్టుకుని ఇంట్లోకి పోయి అడిగిన. "బాపూ, ఇదేంది?"

కళ్లద్దాలు పెట్టుకుని చూసి అన్నడు, "అది నేనే పెట్టిన బిడ్డా. కటౌట్ కాలిపోయింది. వరంగల్‌ల దొరకలే, హైదరాబాద్ పోయి రాణిగంజ్ అంతా తిరిగిన, అక్కడ దొరకలే. ఆ తీగ పెట్టుకోని నడిపిన."

"ఎన్ని రోజులు?"

"రోజులా? బండి ఆపేదాక."

1998 నుంచి 2013 దాకా. పదిహేనేళ్లు.

అప్పుడు అర్థమైంది ఫ్రెండ్స్. కటౌట్ చేసే పని బాపు చేత్తో చేశాడు. కిక్ కొట్టేటప్పుడు తీగ పీకి ఉంటుంది. స్టార్ట్ అయ్యాక కొంచెం రేస్ ఇస్తాడు. హెడ్‌లైట్ వైపు చూసేది ఎర్ర బల్బు కోసం. అది ఆరిందంటే డైనమోలో కరెంటు పుట్టిందని గుర్తు. అప్పుడు వంగి తీగ పెడతాడు. దిగేటప్పుడు ముందు తీగ పీకి, తర్వాత ఇంజన్ బంద్. దారిలో బండిని ఎప్పుడూ ఐడిలింగ్‌లో వదిలేవాడు కాదు, ఎక్కడ ఆగినా రేస్ ఇస్తూనే ఉండేవాడు. మా అమ్మ ఎన్నిసార్లు తిట్టేదో, "పెట్రోల్ ఉత్తగ వచ్చిందా" అని. ఐడిలింగ్‌లో డైనమో వోల్టేజీ పడిపోతే బ్యాటరీ వెనక్కి పారుతుంది, అందుకని. దొంగల భయం లేదు, దండం లేదు. ఒకసారి వంగలేక ఇంట్లో వాడే బెడ్ స్విచ్ తెచ్చి హ్యాండిల్‌కు కట్టాడట, వారానికే కరిగిపోయిందట.

2013లో చివరిసారి ఆపినప్పుడు మాత్రం తీగ పీకలేదు. బ్యాటరీ తీసి అమ్మేశాడు కదా, ఇంక పీకడం ఎందుకు అనుకున్నాడు. పన్నెండేళ్ల తర్వాత నేను కొత్త బ్యాటరీ పెట్టిన. అదీ సంగతి.

ఇది చూసి మీరు ఎవరూ ట్రై చేయకండి. బాపుకు ప్రతిసారీ గుర్తుండేది. మీకూ నాకూ ఉండదు. ఒక్కసారి మరిచిపోతే నా చెయ్యి చూశారు కదా.

ఇక రిపేరు. మొదట ఒక షాపుకు తీసుకుపోయిన, పేరు వద్దు. చూడగానే, "పాతది మొత్తం కోసేద్దాం, 12 వోల్టుల కిట్ వేద్దాం" అని కట్టర్ చేతిలోకి తీసుకున్నాడు. ఆపేసి ఇంటికి తెచ్చుకున్నా. 12 వోల్టులకు మార్చడం తప్పని నేను అనను. రోజూ రాత్రి హైవే మీద పోయేవాళ్లయితే కచ్చితంగా అదే చేయండి, ప్రాణం ముఖ్యం. కానీ ఏం పాడైందో చూడకుండా కోసేయడం రిపేరు కాదు. ఏ తీగ కంపెనీది, ఏది మధ్యలో ఎవరో పెట్టింది, ఎందుకు పెట్టారు, ఇవి తెలుసుకోకుండా కొత్తది వేస్తే పాత తప్పు అక్కడే ఉండిపోతుంది.

నేను చేసింది చెప్తా. నాలుగు వందల రూపాయల మల్టీమీటర్ చాలు. ముందు బ్యాటరీ. మూడు గదులు, ఒక్కోటి 2.1 వోల్టులు, మొత్తం 6.3 రావాలి. వచ్చింది. తర్వాత ఎర్త్. హెడ్‌లైట్ వేసి, మీటరు ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజన్ కేసు మీద పెడితే సున్నా దగ్గర ఉండాలి. 0.8 చూపించింది. ఎవరో బండికి పెయింట్ వేయించినప్పుడు ఎర్త్ బోల్టు కింద కూడా పెయింట్ పడింది. గీకి బిగించాక 0.05. లైటు అప్పుడే సగం బాగైంది.

తర్వాత డైనమో. కుడివైపు కవర్ తీస్తే లోపల బొగ్గు పొడి. కార్బన్లు గూట్లో ఇరుక్కుని కదలడం లేదు. తీసి శుభ్రం చేసి, కమ్యుటేటర్‌ను సన్నటి గాజు కాగితంతో రుద్దిన. ఎమరీ వాడకండి, దాని పొడి రాగి పట్టీల మధ్య ఇరికితే షార్ట్ అవుతుంది. బిగించి, రెగ్యులేటర్‌కు పోయే తీగలు విప్పి, మీటరు పెట్టి కిక్ కొట్టిన. ఇంజన్ నడుస్తోంది, మీటరు సున్నా. ఎంత రేస్ ఇచ్చినా సున్నా.

కాయిల్ తెగిందా అని చూస్తే తెగలేదు. రెండు రోజులు తల పట్టుకున్నా. అప్పుడు సీమెన్స్ గుర్తొచ్చాడు. ఆ మిగిలిన పిసరు. పన్నెండేళ్లు ఊరికే ఉండి, మొన్న నా పొరపాటుతో అడ్డదిడ్డంగా కరెంటు పారి, ఇనుములో ఉన్న ఆ కొంచెం అయస్కాంతం పోయింది. తోడు లేని పాలు అన్నమాట. దానికి మందు చాలా సులువు. ఇంజన్ ఆపి, రెగ్యులేటర్ తీగలు విప్పి ఉండగానే, బ్యాటరీ నుంచి ఫీల్డ్ కాయిల్‌కు ఒక్క సెకను కరెంటు తాకించాలి. ప్లస్, మైనస్ మాత్రం తారుమారు కావద్దు, తారుమారైతే డైనమో ఉల్టా కరెంటు పుట్టిస్తుంది. టక్ మని చిన్న నిప్పురవ్వ. మళ్లీ కిక్ కొడితే మీటరు ఒకటి, మూడు, ఏడు అని పైకి లేచింది. నేను షెడ్డులో అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు వచ్చారు.

చివరిది కటౌట్. డబ్బా తెరిస్తే రెగ్యులేటర్ భాగం బాగానే ఉంది, కటౌట్ కాంటాక్టు కాలి బొగ్గైంది. 1998లో బాపు వెతికింది ఇదే. ఇప్పుడు దాని పని ఒక డయోడ్ చేస్తుంది. కరెంటును ఒకే వైపు పోనిస్తుంది, అంతే కదా కావలసింది. మామూలు సిలికాన్ డయోడ్ అయితే దానికదే 0.7 వోల్టు తినేస్తుంది, 6 వోల్టుల బండికి అది భరించలేని దెబ్బ. కాబట్టి తక్కువ తినే షాట్కీ డయోడ్, 20 ఆంపియర్లది, వేడి పోవడానికి చిన్న అల్యూమినియం ముక్కతో ఆ పాత డబ్బా లోపలే బిగించిన. అది తినే కొంచెం కోసం రెగ్యులేటర్ స్ప్రింగును వెంట్రుకవాసి సరిచేస్తే బ్యాటరీ దగ్గర 7.1 వోల్టులు వచ్చింది. 7 నుంచి 7.2 మధ్య ఉంటే చాలు. జరీ కాగితం తీసి అసలైన 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టిన. ప్లాస్టిక్ పగిలిన తీగలు ఐదు మార్చిన, మిగతావి కంపెనీవే. డయోడ్ ధర ఎంతనుకున్నారు? వంద రూపాయలు కూడా కాలేదు.

"నూరు రూపాయలా" అన్నడు బాపు. అని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "1998ల గిది ఉండెనా?" అని అడిగిండు. ఉండె. వరంగల్‌లో రేడియో, టీవీ రిపేరు చేసే ఏ షాపులోనైనా ఏదో ఒక డయోడ్ ఉండె. కాకపోతే బండి మిస్త్రీకి టీవీ మిస్త్రీ పని తెలియదు, టీవీ మిస్త్రీని బండి గురించి ఎవరూ అడగరు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్‌లో రెండు నిమిషాలు వెతికితే దొరికే విషయం అది. నేను "ఏమో బాపూ" అన్న. అబద్ధం చెప్పిన. ఈ ఎపిసోడ్ చూస్తే తెలిసిపోతుంది, చూడనీ.

మొన్న తెల్లవారుజామున నాలుగున్నరకు ఇద్దరం బయలుదేరినం. యార్డు దాకనే, రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. వీడియో క్లిప్ ఇప్పుడు స్క్రీన్ మీద వస్తుంది చూడండి. నడిపింది బాపే. డెబ్బై దాటినయి, వద్దంటే వినలేదు. కిక్ రెండోసారికి అందుకుంది. కొంచెం రేస్ ఇచ్చిండు. ఎర్ర బల్బు ఆరింది. ఇక్కడ చూడండి, ఎడమ చెయ్యి, చూశారా? సైడ్ డబ్బా వైపు పోయింది. డబ్బా మూసి ఉంది, స్క్రూలు బిగించి ఉన్నాయి. చెయ్యి ఒక క్షణం అక్కడే ఆగింది, తర్వాత వెనక్కి తీసుకుని ఎక్కి కూర్చున్నడు. యార్డు గేటు దగ్గర ఆపి, బండిని ఐడిలింగ్‌లో వదిలేసి, ఎవరో తెలిసిన రైతుతో పది నిమిషాలు మిర్చి రేటు ముచ్చట పెట్టిండు. బండి అట్లనే టపటపమని కొట్టుకుంటూ నిలబడింది.

వైరింగ్ బొమ్మ కావాలంటే పాజ్ చేసి స్క్రీన్‌షాట్ తీసుకోండి, చివర్లో పెట్టిన. వచ్చే ఎపిసోడ్‌లో రాజ్‌దూత్ మాగ్నెటో విప్పుదాం, బండి దొరికింది, నర్సంపేట రోడ్డులో ఒక కోళ్ల గూడులో ఉంది. ఉంటా మరి.